బుధవారం గోర్లు

పోయిన శుక్రవారం పొద్దున వాకిట్లో స్టూలు వేసుకుని కాలి గోర్లు తీసుకుందామని కూర్చున్నాను. మా ఆవిడ లోపల్నుంచి చూసి, "శుక్రారం పూట గోర్లు తీసుడేంది? రెండు దినాలు ఆగితే ఆ గోర్లేమన్న ఎగిరిపోతయా?" అని కసిరింది. ఈ కసురు నాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. నెయిల్ కట్టర్ మూసి జేబులో వేసుకుని, "సరే, బుధవారం తీద్దాంలే" అన్నాను. అని అక్కడే కూర్చుండిపోయాను. బుధవారం అనే ఆ మాట నాది కాదు, ఉస్తాద్‌ది. ఆయన పోయి రెండు నెలలైంది.

పటాన్‌చెరులో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను టైమాఫీసు గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఉస్తాద్ అదే ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మధ్యాహ్నం రెండు దాటితే ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్. ఆయన అసలు పేరు నా హాజరు పట్టీలో ఉండేది, రోజూ రాసేవాణ్ణి. అయినా ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆ పేరుతో ఆయన్ని పిలిచిన మనిషిని నేను చూడలేదు.

పొట్టి మనిషి. గోరింటాకు పెట్టిన ఎర్ర జుట్టు. పైజామా మోకాళ్ళ కిందికి మడిచి, మెడలో విజిల్ వేసుకుని ఉండేవాడు కానీ దాన్ని ఊదగా ఎవరూ వినలేదు. ఎందుకని అడిగితే, "ఫ్యాక్టరీల దినమంత సైరనే గద సాబ్. నేను గూడ చెవులు తినాల్నా?" అనేవాడు. చప్పట్లు మూడు కొడితే పరుగు, రెండు కొడితే ఆగడం. బంతిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏం వినపడేదో ఆయనకే తెలియాలి. మ్యాచ్ జరుగుతుంటే గీత పక్కన గొంతుక్కూర్చుని గడ్డి పీకుతూ ఉండేవాడు. ఆట అయ్యేసరికి ఆయన కూర్చున్న చోట నేల బోడిగా కనిపించేది. సిటీ గ్రౌండు మాలి ఆయన్ని చూస్తే తిట్టుకునేవాడు.

మా గ్రౌండులో ఆయనకు పీకడానికి గడ్డి ఉండేది కాదు. పోత పోసే షెడ్డు వెనక గుంతలన్నీ బాయిలర్ బూడిదతో పూడ్చి చదును చేసిన నేల అది. ఆడితే మోకాళ్ళ దాకా నల్లగా అయ్యేది. బూట్లు చాలామందికి సిటీలో కొన్న పాతవే, కాలికి బిగుతుగా ఉండేవి. ఒకసారి ఒక పిల్లవాడి బొటనవేలి గోరు బూటులోనే ఊడి, అందులో బూడిద దూరి, కాలు వాచి నెల రోజులు మంచాన పడ్డాడు. అప్పట్నుంచి ఉస్తాద్ వారానికోసారి అందర్నీ వరసగా కూర్చోబెట్టి, తన జేబులోని నెయిల్ కట్టర్‌తో తనే గోర్లు తీయడం మొదలుపెట్టాడు. మీరు తీసుకోండ్రా అంటే కుర్రాళ్ళు తీసుకోరని ఆయనకు తెలుసు. "కాలు నీదే బేటా. గోరు మాత్రం టీమ్‌ది" అనేవాడు.

మొదట శుక్రవారం పెట్టుకున్నాడు. ఆయన ముస్లిం, జుమ్మా నమాజుకు ముందు గోర్లు తీసుకోవడం వాళ్ళకు అలవాటు. రెండో వారానికే ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల తల్లులు గొడవ చేశారు. లక్ష్మీదేవి దినం శుక్రారం గోర్లు తీస్తే ఇంట్లో ఏం మిగుల్తదని ఒకామె సంగారెడ్డి అవతలి కొండాపూర్ నుంచి బస్సెక్కి గేటు దాకా వచ్చింది. ఆ ఒకామె మా అమ్మే. మా తమ్ముడు ఆ టీమ్‌లో రెండో గోల్‌కీపర్. ఉస్తాద్ ఆమెకు చేతులెత్తి దండం పెట్టి, "అమ్మా, నువ్వే చెప్పు, ఏ దినం తియ్యాలె?" అన్నాడు. మంగళవారం ససేమిరా కాదు. శనివారం ఒకరికి పనికిరాదు. సోమవారం ఒకరి ఒక్కపొద్దు. గురువారం ఇంకొకరు దర్గాకు పోయే రోజు. ఆదివారం మ్యాచ్. చివరికి ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుని నవ్వాడు. "ఏ దేవునికి అడ్డం లేని దినం బుధవారం ఒక్కటే మిగిలింది" అన్నాడు.

మా తమ్ముడు మొదటిసారి ఎగిరి వెనక్కి దూకాడట. తండ్రి వయసు మనిషి తన కాలు పట్టుకోవడమేమిటని. "వద్దు ఉస్తాద్, పాపం తగుల్తది" అంటే, ఆయన మడమ పట్టి బరబరా లాగి మోకాలి మీద పెట్టుకుని, "నీ కాలు ఎవడు వట్టిండుర? నా టీమ్ కాలు వట్టిన" అన్నాడట. అట్లా వాళ్ళ కాళ్ళు పట్టుకునే ఎవరింట్లో ఏముందో అన్నీ తెలుసుకునేవాడు. ఎవరు చెప్పుల్లేకుండా డ్యూటీకి నడిచొస్తున్నారు, ఎవరు సెలవురోజు పొలంలో దిగి నాట్లేశారు, ఆ కాళ్ళే చెప్పేవి. మా తమ్ముడు పొలం అమ్మకానికి పెట్టిన సంగతి నాకంటే ముందు ఉస్తాద్‌కే తెలుసు.

టీమ్ గురించి కొంచెం చెప్పాలి. ఎనభైల చివర్లో మాది సిటీ లీగులో పై డివిజన్ జట్టు. ఆడేవాళ్ళు పద్దెనిమిది మంది. ఏడాదికోసారి కాగితం తిరగరాసే కాంట్రాక్టు మీద, ఉదయం షెడ్డులో పని, మధ్యాహ్నం ఆట. వాళ్ళ జీతాలు కార్మికుల సంక్షేమ నిధి నుంచి వచ్చేవి. దాని మీద తక్కిన కార్మికులు గొణిగారు. దసరాకు ఇచ్చే బట్టలు, మిఠాయి అన్నీ బంతి వెనక పోతున్నాయని. వాళ్ళ గొణుగుడులో అన్యాయమేమీ లేదు. అందుకని కంపెనీ ఒక రూలు రాసింది. జట్టు పై డివిజన్‌లో ఉన్నంత కాలం నిధిలో సగం దాకా జీతాలకు ఇవ్వొచ్చు. కిందికి దిగిందంటే నాలుగో వంతు దాటకూడదు. ఆ కాగితం టైపు చేసింది నేనే. అందరికీ చదివి వినిపించింది కూడా నేనే. అప్పుడు మేం వరసగా గెలుస్తున్నాం. ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. "దిగినప్పటి ముచ్చట గద" అని నవ్వి సంతకం పెట్టాడు.

దిగాం. ఆఖరి మ్యాచ్ డ్రా అయినా నిలిచేవాళ్ళం, ఒక్క గోల్‌తో పోయింది. సిటీ నుంచి బస్సులో తిరిగి వచ్చాం. పటాన్‌చెరు రాగానే కండక్టర్ ఎప్పట్లాగే, "దిగేటోళ్ళు దిగాలె, జల్దీ దిగాలె" అని అరిచాడు. బంతుల సంచి భుజాన వేసుకుంటూ ఉస్తాద్, "జెర ఆగు భాయ్. ఇయ్యాల రెండోసారి దిగుతున్నం" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వలేక నవ్వారు. కుడివైపు ఆడే పిల్లవాడు మాత్రం సీటులోనే ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఈ పిల్లవాణ్ణి మేము రైటవుట్ అనే పిలిచేవాళ్ళం, అది వాడు ఆడే స్థలం పేరు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చాడు. బంతి కాలికి తగిలిందంటే జనం లేచి నిలబడేవాళ్ళు. మా టీమ్‌లో అంతటి ఆటగాళ్ళు ఆరుగురుంటే, వాడు ఆ ఆరుగురిలో మొదటివాడు. పటాన్‌చెరులో మా తమ్ముడూ వాడూ ఒకే కిరాయి గదిలో ఉండేవాళ్ళు.

నెలాఖరులోగా జీతాల ఖర్చు సగానికి దించాలి, ఎవర్ని తీసేయాలో పేర్లివ్వమని మేనేజర్ ఉస్తాద్‌కి చెప్పాడు. ఆయన మనసులో ఏముందో అందరికీ తెలుసు. ఆ ఆరుగురినీ ఉంచుకుని, మిగతా స్థలాల్లో షెడ్డు కార్మికుల్ని ఊరికే ఆడించి, ఏడాది తిరిగేలోగా మళ్ళీ పైకి ఎక్కాలని.

మర్నాడు ఉస్తాద్ టీ గ్లాసు పట్టుకుని నా టేబుల్ ముందు కూర్చున్నాడు. 

"లెక్క చెప్పుండ్రి సాబ్. ఎవల్ని తీస్తే తక్కువ మంది పోతరు?"

నేను ఒక చిత్తుకాగితం మీద వేసి చూశాను. మంచి ఆటగాళ్ళ జీతం ఎక్కువ. ఆ ఆరుగురు పోతే లెక్క సరిపోతుంది. వాళ్ళను ఉంచుకుంటే తక్కిన పన్నెండు మందీ పోవాలి. అదే చెప్పాను.

"పన్నెండు మంది కంపెనీల పర్మినెంట్ అయ్యేటందుకు ఎన్నొద్దులు గావాలె?"

"ఇంకో రెండేండ్లు ఉస్తాద్."

"ఆరుగురికి బయట దొర్కుతది. వీళ్ళకు?" అని తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు. ఎవరికి పొలం లేదో, ఎవరి తండ్రి మంచంలో ఉన్నాడో ఆయనకు ఒక్కొక్క కాలూ గుర్తొస్తుందని నాకు అర్థమైంది. ఆ పన్నెండు మందిలో మా తమ్ముడున్నాడు. ఉన్న రెండెకరాలు అమ్మి అప్పటికి మూడు నెలలు. నేను, "ఉస్తాద్, మా తమ్ముడు..." అనేలోపు ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు ఆ పేరు ఎత్తకుండ్రి. మీరు ఎత్తితే నేను తియ్యాల్సొస్తది."

టీ చల్లారిపోయింది. తర్వాత ఒక్కో పేరే చెప్పాడు. మొదటి పేరు రైటవుట్‌ది. కాగితంలో కారణం రాయడానికి ఒక గడి ఉంది. ఆట బాగున్నవాళ్ళను ఎందుకు తీస్తున్నావని మేనేజర్ తప్పకుండా అడుగుతాడు, అసలు కారణం చెపితే ఒప్పుకోడు కూడా.

"ఏం రాయాలె?" అని అడిగాను.

"రాయుండ్రి. ఆట తగ్గింది."

"రైటవుట్‌కు గూడనా?"

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఆరుగురికి" అన్నాడు. ఆ మాట ఆరుసార్లు నా చేత్తో రాశాను. మేనేజర్‌కి ఫుట్‌బాల్ అంటే ఇష్టమే గానీ ఆట తెలియదు. కోచ్ మాట కాదనలేక సంతకం పెట్టాడు.

నోటీసు బోర్డుకు కాగితం గుచ్చింది కూడా నేనే. రైటవుట్ దాన్ని చదివి నేరుగా గ్రౌండుకు పోయాడు. నేను వెనకే పరుగెత్తాను. పన్నెండు మందీ అక్కడే ఉన్నారు, గేటు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ కింద కూర్చుని ఒక బూటుకు కుట్టు వేస్తున్నాడు.

"నా దిక్కు సూసి చెప్పు ఉస్తాద్. నా ఆట తగ్గిందా?"

ఉస్తాద్ చూడలేదు. దారం పళ్ళతో తెంపి, "తగ్గింది" అన్నాడు.

వాడి ఆ ముఖం ఈ రోజుకీ నా కళ్ళ ముందే ఉంది. తిట్టినా బాగుండేది, వాడు వెనక్కి తిరిగి గేటు దాటి పోయాడు. నాలుగు రోజుల్లో పటాన్‌చెరు టీ హోటళ్ళ నిండా ఒకటే మాట. ఆరుగురూ ఆఖరి మ్యాచ్ అమ్ముకున్నారట, అందుకే తీసేశారట. ఉస్తాద్ ఆ మాట విన్నచోటల్లా కొట్టిపారేశాడు. కానీ అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ నెలలోనే ఆయన మూడు పూటలు సెలవు పెట్టాడు. మూడోసారి నన్నూ రమ్మన్నాడు. సిటీలో ఒక బ్యాంకు జట్టు ప్రాక్టీసు చేసే గ్రౌండుకు తీసుకుపోయాడు. వాళ్ళ కోచ్ ఆయనకు పాత దోస్తు. మా ఫ్యాక్టరీ కాగితం నకలు అప్పటికే ఆ కోచ్ చేతిలో ఉంది. కొత్త చోట చేరాలంటే పాత చోటి కాగితం చూపించాలి కదా. "ఆట తగ్గిందని నువ్వే రాయిస్తివి, మళ్ళ నువ్వే తీస్కొమ్మంటవు?" అని ఆ కోచ్ నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు.

"కాయితం అబద్ధం భాయ్. పిల్లగాని కాలు సూడు. నేనొచ్చి చెప్పిన్నని మాత్రం వానికి చెప్పకు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. ఆరుగురికి ఒక్క మాట చెపితే ఏం పోతుంది, ఇంత నింద ఎందుకు మోయడం అని అడిగాను.

"చెప్తే ఆరుగురు నన్ను మాఫ్ జేస్తరు సాబ్. పన్నెండు మంది ఆడుడు బంద్ జేస్తరు. మా ఆట సూసి కాదు, మా గరీబీ సూసి ఉంచిండని ఎరుకైనంక, ఏ మొకం వెట్టుకోని గ్రౌండుల దిగుతరు?" బస్సు దిగబోతూ, "మీ తమ్మునికి గూడ చెప్పకుండ్రి" అన్నాడు.

నేను చెప్పలేదు. పన్నెండు మందితో, పోత షెడ్డు నుంచి తెచ్చిన కార్మికులతో ఆ జట్టు రెండు సీజన్లు ఆడింది. ఆడిందనే గానీ గెలిచిన రోజులు తక్కువ. టీమ్‌ను ఉస్తాద్ ముంచాడని క్యాంటీన్‌లో ఆయనకు వినపడేటట్టే అనేవాళ్ళు. ఆయన బుధవారం బుధవారం గోర్లు తీస్తూనే ఉన్నాడు. రెండేళ్ళు నిండాయి, పన్నెండు మందీ పర్మినెంట్ అయ్యారు. ఆ పై నెలలో కంపెనీ జట్టును ఎత్తేసింది. ఉస్తాద్ విజిల్ తీసి నా సొరుగులో పెట్టి, లేత్ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. రిటైరయ్యే దాకా మళ్ళీ ఆట ఊసెత్తలేదు.

ఎత్తలేదని నేను అనుకున్నాను. ఆయన రిటైరయ్యాక ఒకసారి సంగారెడ్డి బస్టాండులో కనిపించాడు. చేతిలో సిటీ టికెట్. ఎక్కడికని అడిగితే చెప్పక తప్పలేదు. రైటవుట్ బ్యాంకు జట్టుకు ఆడినన్నాళ్ళూ సెలవు దొరికిన ప్రతి మ్యాచుకూ పోయేవాడట. వాడి కంట పడకుండా అవతలి గోల్ వెనక, జనంలో నిలబడి చూసేవాడట. ఇప్పుడు వాడు ఆట మానేసి పిల్లలకు నేర్పిస్తున్నాడట. అది చూడ్డానికి పోతున్నాడు. "ఒక్కపారి పోయి మాట్లాడుండ్రి ఉస్తాద్" అన్నాను. "వాడు అడుగుతడు సాబ్, ఎందుకు రాసినవని. నాకు అబద్ధం ఇంకోపారి చెప్పొస్తలేదు" అన్నాడు. బస్సు కదిలింది.

రెండు నెలల కింద ఆయన పోయాడని మా తమ్ముడు ఫోన్ చేశాడు. సంగారెడ్డి ఖబ్రస్తాన్‌కి నేనూ తమ్ముడూ కలిసి వెళ్ళాం. పాత జట్టులో తొమ్మిది మంది దాకా వచ్చారు, అందరికీ జుట్టు నెరిసింది. వాళ్ళ పద్ధతి ప్రకారం వచ్చిన వాళ్ళంతా మూడేసి పిడికిళ్ళ మట్టి వేశారు. మేమూ వేశాం. వెనక్కి తిరిగితే గోడ పక్కన రైటవుట్ నిలబడి ఉన్నాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, తెల్లాపూర్‌లో ఇల్లు. వాడూ మూడు పిడికిళ్ళు వేసి, చేతులు దులుపుకుని మా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆ కాయితం మీ చేతిరాతే. నాకిప్పటికీ యాదున్నది" అన్నాడు నాతో. "ఎందుకు రాయించిండో అడగాల్నని ఇన్నేండ్ల సంది అనుకుంటనే ఉన్న. ఇయ్యాల రేపు అనుకుంట వదిలేసిన. ఇగ ఎవల్ని అడగాలె?"

నా నోట్లో మాట ఉంది. చెప్పాలంటే ఒక్క నిమిషం పని. కానీ మా తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. టీమ్ పోయినా, ఊళ్ళో ఎవరైనా అడిగితే, ఉస్తాద్ తనను ఏరి ఉంచుకున్నాడని చెప్పుకునే మనిషి వాడు. ఉస్తాద్ ఉండగా దాచడం ఇంత కష్టమనిపించలేదు.

మాట్లాడింది మా తమ్ముడే. 

"ఆ నోటీసు వెట్టినంక బుధవారం నాడు ఉస్తాద్ మన రూముకు వచ్చిండు, యాదికున్నదా?"

రైటవుట్ తల ఊపాడు. "వచ్చిండు. నేను గోడదిక్కు తిరిగి పండుకున్న. నా కాలు గుంజి గోర్లు తీసిండు. ఇజ్జత్ తీసినంక గోర్లు ఎందుకు తీస్తున్నడో అనుకున్న. కాలు గుంజుకుందామన్నా విడిచిపెట్టలె."

"నీది అయినంక నేను గూడ కాలు సాపిన" అన్నాడు తమ్ముడు. "ఉస్తాద్ నా కాలు నిమిరి పక్కకు వెట్టిండు. నీకు ఇప్పుడు అవసరం లేదు బేటా, ముందుగాల వీడు పోయి ఆడాలె, అన్నడు. నాకు గా దినమే ఎరుకైందన్నా. ఆట ఎవనిదో, ఉద్యోగం ఎవనికో."

నేను వాడి ముఖం చూశాను. ఇన్నేళ్ళు నేను వాడి దగ్గర దాచాననుకున్నది వాడికి మొదటి వారం నుంచే తెలుసు. తెలిసీ రెండేళ్ళు గోల్ ముందు నిలబడ్డాడు. ఎన్ని బంతులు లోపలికి పోయినా మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఉస్తాద్‌కి తను తెలుసుకున్న సంగతి తెలియకూడదని.

అప్పుడు నేనూ నోరు విప్పాను. ఆరుగురికీ పన్నెండు మందికీ వేసిన లెక్క, బ్యాంకు గ్రౌండు, అవతలి గోల్ వెనక జనం, అంతా చెప్పాను. రైటవుట్ అంతా విని, మెల్లగా వెనక్కి తిరిగి సమాధి దగ్గరికి నడిచాడు. అక్కడున్న పెద్దాయన, "మూడు వేసినవు గద బాబూ, అయిపోయింది" అన్నాడు.

"ఇంకొకటి బాకీ ఉన్నది చాచా" అని వంగి, ఇంకో పిడికెడు మట్టి తీసుకున్నాడు.